ఒకే రాత్రి, రెండు దేశాల లెక్క

బ్రిటన్ నుంచి ఓడలెక్కించి కెనడాకు పంపేసిన దాదాపు లక్ష మంది పిల్లల జాడను వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు పాత జనాభా లెక్కల్లో వెతుక్కుంటున్నారు. ‘మా తాత అనాథ’ అని ఇళ్లలో చెప్పుకుంటూ వచ్చిన కథ ఆ పేజీల ముందు చాలాసార్లు నిలవడం లేదు.

1901 మార్చి 31, ఆదివారం. ఆ రాత్రి ఇంగ్లండ్‌లో ఏ ఇంట్లో ఎవరు పడుకున్నారో వాళ్లందరి పేర్లూ జనాభా లెక్కల్లోకి ఎక్కాయి. అట్లాంటిక్‌కు అవతల కెనడా కూడా తన లెక్కకు అదే తేదీ పెట్టుకుంది. లండన్ తూర్పు పేటల్లో ఒంటిగదిలో బతుకీడుస్తున్న తల్లి ఒక దేశం పుస్తకంలోకి ఎక్కింది. అంటారియోలో ఎవరిదో పొలంలో ఆవులకు మేత వేస్తున్న ఆమె పన్నెండేళ్ల కొడుకు ఇంకో దేశం పుస్తకంలోకి ఎక్కాడు. కొడుకు ఏ ఊళ్లో ఉన్నాడో ఆ తల్లికి తెలియదు. తల్లి బతికుందో లేదో ఆ పిల్లవాడికి తెలియదు. ఇద్దరి చిరునామాలూ రెండు ప్రభుత్వాల దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇలాంటి తల్లులు, ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు కాదు. ఇంగ్లండ్ లెక్కల్లోని పేర్లకు నూరేళ్ల గోప్యత ఉంది. కెనడాలో అది తొంభై రెండేళ్లు. 1901 నాటి ఇంగ్లండ్ పేజీలు 2002లో బయటికి వచ్చాకే ఆ రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూడడం సాధ్యమైంది. అప్పటికి ఆ తల్లీ లేదు, ఆ కొడుకూ లేడు. చూస్తున్నవాళ్లు మునిమనవలు.

లక్ష మంది పిల్లలు

1869లో మరియా రై అనే ఇంగ్లిష్ మహిళ కొందరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని కెనడా చేరింది. నయాగరా ఆన్ ది లేక్ ఊళ్లో పాతబడిన కోర్టు, జైలు భవనాన్ని కొని, బాగుచేసి, వాళ్లకు వసతి గృహంగా మార్చింది. మరుసటేడు ఆనీ మాక్‌ఫర్సన్ మగపిల్లలతో బయల్దేరింది. ఆ తర్వాత గ్లాస్గో దగ్గర్నుంచి విలియం క్వారియర్, బర్మింగ్‌హామ్ నుంచి జాన్ మిడిల్‌మోర్, వీళ్లు గాక కాథలిక్ సంఘాలు, ఆంగ్లికన్ చర్చి సంఘాలు కూడా అదే దారి పట్టాయి. అందరికంటే ఎక్కువమందిని పంపింది డాక్టర్ థామస్ బర్నార్డో సంస్థ. 1882లో మొదలుపెట్టి మొత్తమ్మీద ముప్పై వేల మంది దాకా పిల్లలను ఆ ఒక్క సంస్థే కెనడాకు చేర్చింది. అన్నీ కలిపితే దాదాపు లక్ష. ఈ సంస్థలు నడిపే హోముల నుంచి వచ్చారు కాబట్టి అక్కడి జనం వాళ్లను ‘హోం పిల్లలు’ అన్నారు. ఆ పిలుపులో ప్రేమ తక్కువ, చులకన ఎక్కువ.

ఎందుకు పంపారన్నదానికి అప్పటి పెద్దలు చెప్పిన కారణాలు వినసొంపుగానే ఉంటాయి. లండన్ మురికివాడల్లో పిల్లలు ఆకలితో, పొగతో, సారాతో పాడైపోతున్నారు. కెనడాలో విశాలమైన పొలాలు, మంచి గాలి, కడుపునిండా తిండి ఉన్నాయి. అక్కడి రైతులకు చేతి సాయం కావాలి. ఒక్క ఓడ టిక్కెట్టుతో రెండు సమస్యలూ తీరిపోతాయనుకున్నారు. ఇంగ్లండ్‌లో ఒక పిల్లను ఏళ్ల తరబడి పోషించడం కంటే సముద్రం దాటించడమే చవక అన్న లెక్క కూడా ఇందులో ఉంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారానికి వెన్నెముక ఆ లెక్కే. దయ ఉన్న మనుషులు కూడా అందులో ఉన్నారు, కాదనను. కానీ దయ ఒక్కటే అయితే పిల్లలను ఒంటరిగా, అన్నను ఒక ఊరికీ చెల్లెల్ని ఇంకో ఊరికీ పంపి ఉండరు.

వీళ్లలో చాలామంది అనాథలు కారు. తండ్రి పోయాక పిల్లల్ని సాకలేక కొన్నాళ్లకని హోములో విడిచిన తల్లులున్నారు. భార్య పోతే ఓడ పనికి వెళ్లక తప్పని తండ్రులున్నారు. జబ్బుపడి ఆస్పత్రిలో చేరేముందు అప్పగించినవాళ్లున్నారు. పరిస్థితి చక్కబడగానే తెచ్చుకుందామనే అనుకున్నారు. చేర్చేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితంలో విదేశానికి పంపడానికి ఒప్పుకుంటున్నామన్న మాట కూడా ఉండేది. చదువు రాని తల్లులు ఇంటూ గుర్తు పెట్టేవాళ్లు. బర్నార్డో హోముల్లో ‘మర్యాదస్తులు’ అనుకున్న తల్లిదండ్రులకు ఓడ కదలకముందే కబురు అందేది. మిగతావాళ్లకు ఓడ వెళ్లిపోయాక కార్డు వచ్చేది. పిల్లను వెనక్కి తెచ్చుకుందామని తల్లి గుమ్మంలోకి వచ్చేసరికి పిల్ల నడిసముద్రంలో ఉండేది.

కాబట్టి ఈ వెతుకులాట ఒక పేరును పట్టుకోవడంతో ఆగదు. ఎవరో ఒకరు ‘నీకెవరూ లేరు’ అని ఒక పసివాడికి చెప్పారు. అతను దాన్ని నమ్మి, తన పిల్లలకు కూడా అదే చెప్పి చనిపోయాడు. ఆ మాట నిజమో కాదో వందేళ్ల తర్వాతైనా తేల్చగల కాగితం జనాభా లెక్కల పేజీ.

ఒక్క వరసలో ఎంతుంది

ఒక పిల్లవాణ్ణి ఊహించుకుందాం. ఇతను ఎవరో ఒక్క మనిషి కాదు, అలాంటి వేలమందికి నమూనా. 1888లో లండన్ బెత్నల్ గ్రీన్‌లో పుట్టాడు. మునిమనవరాలు టొరంటో దగ్గర ఉంటుంది. ఆమె చేతిలో ఉన్నవి ముత్తాత పేరు, ‘ఇంగ్లండ్ నుంచి చిన్నప్పుడు వచ్చాడట, అనాథట’ అన్న ఒక మాట, అంతే.

మొదట ఆమె తెరిచేది 1901 కెనడా లెక్క. ఇది కెనడా జాతీయ గ్రంథాలయం, పత్రాగారం వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. వంశ చరిత్ర వెతికేవాళ్లకు ఈ లెక్క ఒక వరం. దానికి ముందరి లెక్కలు వయసు రాసుకుని ఊరుకున్నాయి. ఇది పుట్టిన తేదీ, నెల, సంవత్సరం విడివిడిగా అడిగింది. పుట్టిన దేశం అడిగి, పుట్టింది పల్లెలోనా పట్నంలోనా అని పక్కన ఒక్క అక్షరం గుర్తు పెట్టించింది. ఏ సంవత్సరం కెనడాకు వచ్చారో అడిగింది. మతం, మాతృభాష, చదవడం రాయడం వచ్చా అన్నవీ అడిగింది.

ఆ పేజీలో ఒక ఇల్లు కనిపిస్తుంది. ఇంటి యజమాని, భార్య, వాళ్ల పిల్లలు ముగ్గురు, అందరిదీ ఒకటే ఇంటిపేరు, అందరూ అంటారియోలోనే పుట్టారు. అందరికంటే కింద, ఆఖరి వరసలో వేరే ఇంటిపేరుతో ఒక పన్నెండేళ్ల పిల్లవాడు. పుట్టింది ఇంగ్లండ్, పట్నంలో. వచ్చింది 1898లో. పదేళ్లప్పుడు వచ్చిన పిల్లవాడి తల్లిదండ్రులు ఆ ఇంట్లో గానీ, ఆ వీధిలో గానీ, ఆ టౌన్‌షిప్‌లో గానీ లేరంటే, అతను హోం పిల్లవాడు అయి ఉండే అవకాశం బాగా ఎక్కువ.

నన్ను ఎక్కువగా కదిలించే గడి అదే వరసలో ఇంకాస్త కుడివైపున ఉంది. గడచిన ఏడాదిలో ఎన్ని నెలలు బడికి వెళ్లారు అన్న ప్రశ్న అది. హోముకూ రైతుకూ మధ్య రాసుకున్న ఒప్పందాల్లో పిల్లవాణ్ణి బడికి పంపాలనే షరతు ఉండేది. ఆ షరతు ఏ మేరకు అమలైందో ఈ గడి చెబుతుంది. పై వరసల్లో యజమాని సొంత పిల్లలకు వేసిన అంకె ఎంత, ఆఖరి వరసలో పరాయి పిల్లవాడికి వేసిన అంకె ఎంత అన్నది పోల్చి చూడాలి. రెండూ సమానంగా ఉన్న ఇళ్లున్నాయి. సొంత పిల్లలకు అంకె ఉండి, ఈ పిల్లవాడి గడి ఖాళీగా ఉన్న ఇళ్లూ ఉన్నాయి. ఏ జీవితచరిత్రా ఇంత సూటిగా చెప్పదు.

ఇంటి యజమానికి ఏమవుతాడు

యజమానితో బంధుత్వం ఏమిటన్న గడి దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త కావాలి. అక్కడ ఒక్కో ఇంట్లో ఒక్కో మాట రాశారు. పనివాడు, ఇంటి పనిమనిషి, అద్దెకున్నవాడు, దత్తుడు, కొన్నిచోట్ల నేరుగా హోం పిల్ల అని, కొన్నిచోట్ల బర్నార్డో కుర్రాడు అని. లెక్క రాసుకునే ఉద్యోగి గుమ్మంలో నిలబడి అడిగితే ఇంటివాళ్ల నోటికి వచ్చిన జవాబు అది. పిల్లవాణ్ణి పిలిచి అడిగి ఉండరు.

వీటిలో ఎక్కువ తప్పుదారి పట్టించేది ‘దత్తుడు’ అన్నది. ఈ రోజు అది చూసిన మనవరాలు తాతకు ఒక అమ్మానాన్నా దొరికారని సంతోషపడుతుంది. అప్పటి అంటారియోలో చట్టబద్ధమైన దత్తత అనేదే లేదు, అది 1921లో గానీ రాలేదు. బ్రిటన్ ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఆండ్రూ డాయల్ 1874లో కెనడా అంతా తిరిగి, పిల్లలున్న ఇళ్లు చూసి, మరుసటేడు నివేదిక ఇచ్చాడు. దత్తత అంటే జీతం ఇవ్వకుండా పని చేయించుకోవడానికి ఒక పిల్లను తెచ్చుకోవడమని అతనితో ఒక ఆడపిల్లే చెప్పింది. పంపాక పిల్లల్ని చూసే నాథుడు లేడని డాయల్ రాశాడు. నిరుపేదల ఆశ్రమాలైన వర్క్‌హౌసుల నుంచి పిల్లల్ని పంపడం ఆ నివేదికతో కొన్నేళ్లు ఆగింది, మళ్లీ మొదలైంది.

పేర్లది ఇంకో చిక్కు. లండన్ తూర్పు పేట యాసలో పిల్లవాడు చెప్పిన పేరు అంటారియో రైతు చెవిన ఒకలా పడింది, ఉద్యోగి కలం నుంచి ఇంకోలా దిగింది, నూరేళ్ల తర్వాత ఆ గొలుసుకట్టు రాతను కంప్యూటర్‌లోకి ఎక్కించినవాళ్లకు మరోలా కనిపించింది. అందుకని అనుభవం ఉన్నవాళ్లు పేరు పెట్టి వెతికి ఊరుకోరు. పేరు తీసేసి, ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్లు, ఈ వయసువాళ్లు, ఈ సంవత్సరం వచ్చినవాళ్లు, ఈ టౌన్‌షిప్‌లో ఎవరెవరని వెతుకుతారు. యజమాని ఇంటిపేరునే పిల్లవాడికీ తగిలించిన వరసలు కూడా ఉంటాయని మనసులో పెట్టుకుంటారు. మతం గడిని కూడా గుడ్డిగా నమ్మరు. ఆంగ్లికన్‌గా బాప్తిస్మం పొందిన పిల్లవాడు మెథడిస్టు ఇంట్లో ఉంటే మెథడిస్టుగానే లెక్కకెక్కాడు.

ఒకే పిల్లవాడు రెండుసార్లు కూడా దొరకవచ్చు. 1871లోనూ 1901లోనూ రెండు దేశాలూ ఒకే తేదీకి లెక్క తీశాయి. 1881, 1891ల్లో ఒక్క రోజు తేడా. 1911కు వచ్చేసరికి ఇంగ్లండ్ ఏప్రిల్ 2న, కెనడా జూన్ 1న తీశాయి. వసంతంలో పిల్లల ఓడలు బయల్దేరేది సరిగ్గా ఆ మధ్యలోనే. ఏప్రిల్‌లో లండన్ హోములో మంచం మీద ఉన్న పిల్ల జూన్‌లో అంటారియో పొలంలో ఉండొచ్చు, రెండుచోట్లా నిజంగానే.

తల్లి లెక్క

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు సముద్రం దాటి వెనక్కి వెళ్లాలి. 1891 ఇంగ్లండ్ లెక్కలో ఆ రెండేళ్ల పిల్లవాడు బెత్నల్ గ్రీన్‌లో తల్లిదండ్రులతో, అక్కతో కనిపిస్తాడు. పుట్టిన పేట పేరు, వీధి, ఇంటి నంబరు, తండ్రి చేసే పని అన్నీ ఉంటాయి. జనన రిజిస్టరులో తల్లి పుట్టింటి పేరు దొరుకుతుంది. అంటారియోలో పెళ్లిళ్ల రిజిస్టర్లు వధూవరుల తల్లిదండ్రుల పేర్లు అడిగేవి కాబట్టి అక్కడ అతను తన తల్లి పేరుగా ఏం రాయించాడో కూడా చూడొచ్చు. పదేళ్లప్పుడు విడిపోయిన పిల్లవాడు పాతికేళ్లప్పుడు, పెళ్లిపీటల మీద, అమ్మ పేరు సరిగ్గా చెప్పాడా? ఆ రెండు పేర్లూ కలిస్తే మనిషి కుదిరినట్టే.

అసలు విషయం 1901, 1911 ఇంగ్లండ్ పేజీల్లో ఉంది. తల్లి అక్కడే ఉంది, బతికే ఉంది. వితంతువు అని, బట్టలు ఉతికి బతుకుతోందని, అక్క పక్కనే ఉందని రాసి ఉంటుంది. అనాథ అనుకున్న పిల్లవాడి తల్లి అతను కెనడాలో ఉన్న ఇన్నేళ్లూ అదే పేటలో ఉందని మునిమనవరాలికి తెలిసేది ఈ వరస చదివినప్పుడే.

1911లో ఇంగ్లండ్ లెక్క పెళ్లయిన ఆడవాళ్లను ఇంకో ప్రశ్న అడిగింది. ఈ పెళ్లిలో ఎంతమంది పిల్లలు పుట్టారు, వాళ్లలో ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు? ఆ ఏడాది నుంచి ఉద్యోగి నకలు పుస్తకం బదులు ఇంటివాళ్లు స్వయంగా నింపిన కాగితమే దాచిపెట్టారు కాబట్టి మనకు కనిపించేది ఆ ఇంటి మనిషి చేతిరాతే. ఆ ప్రశ్న వితంతువులకు వర్తించకపోయినా పొరపాటున నింపినవాళ్లు చాలామంది ఉన్నారు, ఉద్యోగులు ఆ అంకెల మీద ఎర్ర సిరాతో గీత కొట్టినా అవి చదవడానికి వీలుగానే ఉంటాయి. పుట్టినవాళ్లు ఏడుగురు, బతికున్నవాళ్లు అయిదుగురు, పోయినవాళ్లు ఇద్దరు అని రాసిన కాగితంలో ఇంట్లో ఉన్నట్టు రాసిన పేర్లు మూడే అయితే, మిగతా ఇద్దరూ పెళ్లయి వేరుపడే వయసువాళ్లు కాకపోతే, వాళ్లెక్కడ?

ఆ ఇద్దరినీ ఆమె ‘బతికున్నవాళ్లు’ అన్న గడిలోనే వేసింది. కార్డు ముక్క తప్ప కబురు లేకపోయినా అక్కడే వేసింది. జనాభా లెక్కల చరిత్రలో ఇంతకంటే బరువైన అంకె నాకు కనిపించలేదు. పిల్లల్ని వదిలించుకున్న తల్లులని హోముల ప్రచార పత్రాలు వాళ్లను ఎంత చిన్నబుచ్చాయో చదివాక ఈ గడి చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

లెక్కకు అందనివాళ్లు

పదేళ్లకోసారి తీసే లెక్కలో, మధ్యలో వచ్చి మధ్యలోనే పోయినవాళ్లు కనబడరు. జార్జ్ ఎవరిట్ గ్రీన్ అనే కుర్రవాణ్ణి బర్నార్డో సంస్థ 1895లో కెనడాకు పంపింది. అంటారియోలో ఓవెన్ సౌండ్ దగ్గర కెప్పెల్ టౌన్‌షిప్‌లో హెలెన్ ఫిండ్లే అనే మహిళ పొలంలో పనికి పెట్టారు. అదే ఏడాది నవంబరులో అతను చనిపోయాడు. ఒంటి మీద దెబ్బలు, తిండి లేని శరీరం చూసి ఆమె మీద కేసు పెట్టారు. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. పత్రికలు గగ్గోలు పెట్టాయి, వాటిలో కొన్ని చనిపోయిన పిల్లవాణ్ణే తప్పుపట్టాయి. ఇలాంటి పిల్లల్ని మన దేశంలోకి ఎందుకు రానిస్తున్నారని రాశాయి. 1897లో అంటారియో ఈ వలసలను అదుపు చేసేందుకు చట్టం తెచ్చింది. 1891కీ 1901కీ నడుమ వచ్చి పోయిన ఆ కుర్రవాడి పేరు కెనడా జనాభా లెక్కల్లో ఎక్కడా లేదు. కోర్టు కాగితాలే లేకపోతే అతను అక్కడ ఎలా చనిపోయాడో ఎవరికీ తెలిసేది కాదు. టొరంటోలో పార్క్ లాన్ శ్మశానంలో పేర్లు లేని సమాధుల్లో 75 మంది బర్నార్డో పిల్లలున్నారని తేలి, 2017లో వాళ్ల పేర్లతో ఒక స్మారకం నిలిపారు.

ఈ ఖాళీలను పూడ్చడానికి వేరే కాగితాలు కావాలి. మొదటిది ఓడ జాబితా. లివర్‌పూల్‌లో ఎక్కి, ఎండాకాలమైతే క్యుబెక్‌లో, సెయింట్ లారెన్స్ నది గడ్డకట్టే చలికాలమైతే హాలిఫాక్స్ లేదా సెయింట్ జాన్‌లో దిగేవాళ్లు. పిల్లల గుంపు పేర్లన్నీ వరసగా, పక్కన ఏ సంస్థ తాలూకో రాసి ఉంటాయి. సార్డీనియన్, పారిసియన్ లాంటి ఓడల పేర్లు ఈ కుటుంబాల వాళ్లకు మన ఇళ్లలో ఊళ్ల పేర్లలా నోటికొస్తాయి. ఈ జాబితాల్లోని పిల్లల పేర్లను విడదీసి సూచిక తయారుచేసింది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లే. అట్టావాలోని బ్రిటిష్ ద్వీపాల కుటుంబ చరిత్ర సంఘం సభ్యులు ఏళ్ల తరబడి కూర్చుని చేసిన ఆ పనే నేడు కెనడా పత్రాగారం వెబ్‌సైట్లో ఎవరైనా వెతుక్కునే హోం పిల్లల జాబితాకు పునాది.

రెండోది సంస్థల సొంత ఫైళ్లు. బర్నార్డో సంస్థ 1874 నుంచి పిల్లలు చేరినప్పుడు ఫోటో తీయించేది. వారసులు అడిగితే రికార్డులు ఇచ్చే విభాగం ఆ సంస్థలో ఇప్పటికీ ఉంది. కొన్ని ఫైళ్లలో పిల్లవాడు ఎక్కడున్నాడో చెప్పమంటూ తల్లి రాసిన ఉత్తరాలు కూడా ఉంటాయి. ఇన్నేళ్లూ అవి ఫైల్లోనే ఉండిపోయాయి.

మూడోది సైన్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో హోం పిల్లలు వేలల్లో చేరారు. ఇంగ్లండ్ వెళ్లే ఓడ ఖర్చు లేకుండా దొరుకుతుంది, అమ్మనో చెల్లెల్నో చూడొచ్చు అన్న ఆశతో చేరినవాళ్లూ ఉన్నారు. చేరిక పత్రంలో పుట్టిన ఊరు, దగ్గరి బంధువు ఎవరన్న గడులుంటాయి. అవీ పూర్తిగా నమ్మదగ్గవి కావు. విక్టోరియా క్రాస్ పొందిన క్లాడ్ నన్నీ సంగతే చూడండి. 1905లో అట్టావాలోని సెయింట్ జార్జ్ హోం ద్వారా వచ్చిన కాథలిక్ పిల్లవాడు. పుట్టింది డబ్లిన్‌లో అని చెప్పుకున్నాడు, పుస్తకాల్లోనూ చాలాకాలం అదే ఉంది. ఇంగ్లండ్ రికార్డులు తిరగేస్తే ఆయన పుట్టింది దక్షిణ తీరంలోని హేస్టింగ్స్‌లో అని తేలింది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో గాయాలతో చనిపోయాడు. దేశపు అత్యున్నత పతకం తెచ్చుకున్నవాడికే సొంత ఊరు సరిగ్గా దొరకడానికి అన్నేళ్లు పడితే, పొలం పనుల్లో కలిసిపోయిన కుర్రవాడి మాట చెప్పేదేముంది.

కప్పిపుచ్చుకున్న తరం

చాలామంది భార్యకు కూడా చెప్పకుండానే బతికేశారు. ‘హోం పిల్లాడు’ అంటే జాతి తక్కువవాడు, దొంగబుద్ధి వాడు అని ఊళ్లో అనుకునేవాళ్లు. దాంతో మేనమామ వెంట వచ్చామని, అమ్మానాన్నా ఓడలో పోయారని కథలు అల్లుకున్నారు. మనవలు ఆ కథ పట్టుకుని లేని మేనమామ కోసం వెతికి విసిగిపోతారు. ఆ అబద్ధం వాళ్ల తప్పు కాదు. ఆ ముద్ర వేసినవాళ్లది.

1924లో మార్గరెట్ బాండ్‌ఫీల్డ్ నాయకత్వంలో బ్రిటన్ ప్రతినిధులు కెనడా వచ్చి చూసి, బడి వయసు పిల్లల్ని పనికోసం పంపొద్దని తేల్చారు. తల్లిదండ్రులు వెంట లేని పద్నాలుగేళ్ల లోపు పిల్లలను రానివ్వడం 1925లో కెనడా ఆపింది. ఈ పిల్లల వారసులు నేటి కెనడా జనాభాలో పదోవంతు దాకా ఉంటారని ఒక అంచనా. బ్రిటన్ ప్రధాని గార్డన్ బ్రౌన్ 2010 ఫిబ్రవరిలో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. కెనడా దిగువ సభ 2017లో ఏకగ్రీవంగా క్షమాపణ తీర్మానం చేసింది. వాటి విలువ వాటికుంది. కానీ ఒక ముసలావిడకు ఆమె తండ్రి అనాథ కాదని, ఆయన తల్లి ఫలానా వీధిలో ఫలానా ఏడాది దాకా ఉందని చూపించేది ఆ తీర్మానం కాదు, జనాభా లెక్కల పేజీ.

పేజీలే మిగలని చోట

ఆస్ట్రేలియాకు కూడా బ్రిటన్ నుంచి పిల్లల్ని పంపారు, ఆ పంపకం 1960ల దాకా సాగింది. నాటింగ్‌హామ్‌లో సామాజిక కార్యకర్తగా ఉన్న మార్గరెట్ హంఫ్రీస్ 1980ల్లో ఆ సంగతి బయటపెట్టి, వాళ్ల కోసం చైల్డ్ మైగ్రెంట్స్ ట్రస్ట్ స్థాపించింది. కానీ కెనడాలో పనికొచ్చిన దారి అక్కడ పనికిరాదు. ఆస్ట్రేలియా లెక్కలు ముగిశాక పేర్లున్న కాగితాలను నాశనం చేయడమే చాలాకాలం అక్కడి పద్ధతి. అంకెలు మిగిలాయి, మనుషులు మిగల్లేదు.

మన దేశంలోనూ అంతే. 1881 నుంచి 2011 దాకా పదేళ్లకోసారి లెక్క క్రమం తప్పకుండా జరిగినా మన ముత్తాతల పేరున్న ఇంటి కాగితం మనకు దొరకదు. దొరికేవి జిల్లాల, కులాల, వృత్తుల మొత్తాలు. అందుకే మన తెలుగువాళ్లలో ఇలా వెతుక్కునేవాళ్లు వేరే పుస్తకాలు తెరవాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా భారతీయులు చెరకు తోటల ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్లారు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. ఆ ఓడ జాబితాల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు ఉంటాయి. పసిపిల్లలూ ఉన్నారు. వాళ్లను బ్రిటన్ పిల్లల్లా ఒంటరిగా ఎక్కించలేదు, అమ్మానాన్నల వెంటే వెళ్లారు. అయినా ఇంటిపేరు లేకుండా, ఊరి పేరు ఇంగ్లిష్ గుమాస్తా చెవికి ఎలా తోస్తే అలా రాసి ఉండడం వల్ల డర్బన్‌లోని తెలుగు కుటుంబాల వాళ్లు పడే అవస్థ అంటారియో మునిమనవరాలు పడే అవస్థే.

మళ్లీ హోం పిల్లల సంగతికి వస్తే, ఇంగ్లండ్ వైపు వెతికేవాళ్లకు ఒక గండి ఎప్పటికీ పూడదు. 1931 లెక్క కాగితాలు 1942 డిసెంబరులో మిడిల్‌సెక్స్‌లోని హేస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. యుద్ధం వల్ల 1941లో లెక్కే తీయలేదు. ఆ తల్లుల చివరి రోజులు తెలుసుకోవడానికి ఉన్నవి 2022లో బయటికొచ్చిన 1921 లెక్క, గుర్తింపు కార్డుల కోసం 1939 సెప్టెంబరు 29న తయారు చేసిన జాతీయ రిజిస్టరు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు అమ్మానాన్నా ఇద్దరూ ఉన్నారా, ఒకరే ఉన్నారా, ఎవరూ లేరా అని 1921 లెక్క అడిగింది. 1920లలో ఓడెక్కబోయే పిల్లలు హోముల్లో ఉండగా ఆ గడిలో ఏం రాశారో ఇప్పుడు చూడొచ్చు. కెనడా వైపు 1931 లెక్క 2023 జూన్‌లో తెరుచుకుంది, 1941ది 2033లో తెరుచుకుంటుంది. 1920ల ఓడల్లో దిగిన ఆఖరి పిల్లలు 1941 నాటికి ఇరవైల్లో, ముప్పైల్లో ఉండి, సొంత ఇంటి యజమానులుగా మొదటి వరసలో కనిపిస్తారు.